ఐ20 ముందు బ్రేక్ ప్యాడ్‌లు అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే మార్చుకోవచ్చా? – బెంగళూరు

బాహుదా గట్టు | మారతహళ్ళి | గురువారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె, ఉద్యోగం బెంగళూరులో. నా కారు ఎలీట్ ఐ20 పెట్రోలు, 2016 మోడల్, 58 వేల కిలోమీటర్లు తిరిగింది. కొన్నాళ్ళుగా మెల్లగా బ్రేకు తొక్కినప్పుడల్లా ఎడమ ముందు చక్రం దగ్గర సన్నగా కీచుమని శబ్దం వస్తా ఉంది. గట్టిగా తొక్కితే శబ్దం రాదు కానీ స్టీరింగ్ కొంచెం కుడి పక్కకు లాగుతాది. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే ప్యాడ్‌లు అయిపోయినాయి, డిస్కులు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళేలు, ప్యాడ్‌లు పట్టుకునేవి) కూడా మార్చాల్సిందే అన్నారు. డిస్కు మందం ఎంతుంది అని అడిగితే ఎవరూ కొలిచినట్టు లేదు. ఎస్టిమేట్ కాగితం మాత్రం చేతికిచ్చినారు.

ప్యాడ్‌లు నేనే మార్చుకోవాలని ఉంది. చక్రాలు విప్పడం, ఎయిర్ ఫిల్టరు, బ్యాటరీ, ప్లగ్గులు ఇవన్నీ చేసుకుంటా ఉంటాను. బ్రేకుల జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు. నెలాఖరుకు అమ్మను తిరుమలకు తీసుకుపోవాల. పలమనేరు దాటినాక మొగిలి ఘాట్ ఉంటాది, కొండ మీద నుంచి ఎట్లాగూ దిగాల. అందుకని పని ఖచ్చితంగా జరగాల. ఇంట్లో చేసుకోదగ్గ పనేనా? ఏమేం సామాను కావాల? తెలిసినోళ్ళు చెప్పండి.

సిల్క్‌బోర్డ్ బాటసారి | బొమ్మనహళ్ళి | గురువారం రాత్రి 10:05

చేసుకోదగ్గ పనే అన్నా. నా స్విఫ్ట్‌కి నేనే చేసుకుంటాను. ఆ కీచు శబ్దం ప్యాడ్‌కి బిగించి ఉండే చిన్న ఇనుప రేకుది. ప్యాడ్ అరిగి 2, 3 మిల్లీమీటర్లకు వచ్చేసరికి ఆ రేకు డిస్కుకి తగిలి కూస్తుంది. కావాలనే అలా పెడతారు. కీచు పోయి గరగర మొదలైతే మాత్రం బండి తియ్యొద్దు. అప్పటికి ప్యాడ్ వెనకున్న ఇనుప పలక నేరుగా డిస్కును గీస్తున్నట్టు.

సామాను: జాకీ, చక్రం పానా, 12, 14 సాకెట్లతో రాట్చెట్, కాలిపర్ (ప్యాడ్‌లను డిస్కుకి అదిమే భాగం) జారే పిన్ను తిరక్కుండా పట్టుకోవడానికి ఒక సన్న పానా, సి క్లాంపు, వైర్ బ్రష్, బ్రేక్ క్లీనర్ స్ప్రే, సిలికాన్ గ్రీజు, కాలిపర్‌ను వేలాడదీయడానికి గట్టి తీగ. టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) లేకపోతే ఎవరి దగ్గరైనా అడిగి తీసుకో, అది లేకుండా మొదలుపెట్టకు. మాస్కు పెట్టుకో. బ్రేకు దుమ్మును గాలి కొట్టి ఊదకు, నోటితో అసలే ఊదకు. క్లీనర్‌తో తడిపి తుడిచెయ్.

ఓరుగల్లు | ఎలక్ట్రానిక్ సిటీ | గురువారం రాత్రి 10:31

నేనైతే వద్దంటున్న. ఏమనుకోకు తమ్మీ. ప్లగ్గు పెట్టుడు తప్పితే బండి ఆగిపోతది. బ్రేకు పెట్టుడు తప్పితే బండి ఆగదు. ఇంట్ల అమ్మను కూసోబెట్టుకొని ఘాట్ దిగే ముందు చేసుకునే మొదటి ప్రయోగం ఇది కాదు.

డబ్బు కోసమైతే ఇంకో దారి ఉంది. నీ గల్లీల నమ్మకమున్న మెకానిక్‌ను పట్టుకో. ప్యాడ్‌లు నువ్వే కొనుక్కపో, పక్కన నిలబడి మొత్తం చూడు. రెండోసారి నువ్వే చెయ్యి. చూడనిది చేస్తే గింత చిన్న క్లిప్పు తిరగబడ్డా తెల్వదు. వీడియో చూసుడు వేరు, చేతిల పట్టుకొని చూసుడు వేరు.

తుంగభద్ర తీరం | బెళ్ళందూరు | గురువారం రాత్రి 11:12

ఓరుగల్లు గారు చెప్పినదాంట్లో న్యాయం ఉంది. అయితే పక్కన నిలబడి చూసినంత మాత్రాన మెకానిక్ ప్రతి పనీ చేస్తాడనుకోకండి. చాలా చోట్ల పిన్నులు బయటికి తియ్యరు, గ్రీజు పెట్టరు. కింది బోల్టు ఒకటి విప్పి, కాలిపర్ పైకెత్తి, ప్యాడ్‌లు మార్చి మూసేస్తారు. అడిగి చేయించుకోవాలి.

ఇంట్లో చేసుకునేట్టయితే ముందు అసోసియేషన్ వాళ్ళకు ఒక మాట చెప్పండి. మా అపార్ట్‌మెంట్‌లో ఎవరో బేస్‌మెంట్‌లో ఆయిల్ మార్చి నేలంతా పాడుచేశాక కారు పనులన్నీ ఆపేశారు. నేను వెళ్ళి, నూనె పని కాదు, కింద అట్టలు పరుస్తాను, పని అయ్యాక శుభ్రం చేస్తాను అని చెబితే ఒప్పుకున్నారు. చోటు చూసుకోవడం ఇంకా ముఖ్యం. ర్యాంపు పక్కన వాలుగా ఉన్న చోట జాకీ ఎత్తకండి. ఎపాక్సీ పూసిన నున్నటి నేల మీద జాకీ జారుతుంది, కింద మందపాటి చెక్క పలక వెయ్యండి.

పాత పానా | హూడి | శుక్రవారం ఉదయం 6:15

బాబూ, విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్ళు పనిచేసినవాణ్ణి. ఇప్పుడు హూడిలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. నువ్వు రాసినదాంట్లో కీచు శబ్దం నన్ను కంగారుపెట్టలేదు. ఈ ఊరి ట్రాఫిక్‌లో 58 వేలకు ప్యాడ్ అరిగిందంటే బాగానే మన్నినట్టు. స్టీరింగ్ కుడికి లాగుతోందన్నావు చూడు, నా దృష్టి దాని మీదే ఉంది. అలా లాగుతోందంటే ఎడమ చక్రం తన వాటా పని చెయ్యడం లేదు.

మీ కారు కాలిపర్‌కి పిస్టన్ ఒక్కటే, అదీ లోపలి పక్క. బ్రేకు తొక్కగానే బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి పిస్టన్ లోపలి ప్యాడ్‌ను డిస్కు మీదికి నెడుతుంది. ఆ తోపుకే కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద లోపలికి జరిగి, బయటి ప్యాడ్‌ను అటు నుంచి తెచ్చి డిస్కుకి అదుముతుంది. పిన్నులు జారితేనే రెండు ప్యాడ్‌లూ సమానంగా పట్టుకుంటాయి. పిన్ను బిగుసుకుంటే భారమంతా లోపలి ప్యాడ్ మీదే. అది అరిగి పలకకు వచ్చేస్తుంది, బయటిది సగం కూడా అరగదు. చక్రం సందుల్లోంచి తొంగి చూసేవాడికి కనబడేది బయటి ప్యాడే కదా, ఇంకా చాలా ఉందనుకుంటాడు. బిగుసుకున్న పిన్నును వదిలేసి కొత్త ప్యాడ్‌లు వేస్తే అవీ అలాగే పోతాయి, లాగడం అలాగే ఉంటుంది.

కాబట్టి ప్యాడ్‌లు పెట్టడం చిన్న పని, పిన్నులు బాగుచెయ్యడం అసలు పని. నువ్వు చక్రాలు విప్పగలవు, పానా పట్టడం తెలుసు. చెయ్యి. ఒంటరిగా మాత్రం చెయ్యకు, ఇంకో మనిషిని పక్కన పెట్టుకో. విప్పాక లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ పక్కపక్కన పెట్టి ఫోటో ఇక్కడ పెట్టు. మేము చూసి సరే అన్నాకే మూద్దువుగాని.

విమానపురం | హెచ్‌ఏఎల్ దగ్గర | శుక్రవారం ఉదయం 8:20

డిస్కుల గురించి చెబుతాను, సర్వీస్ సెంటర్ వాళ్ళు కొలవకుండానే మార్చమన్నారు కాబట్టి. ఎంత మందానికి తగ్గితే డిస్కు తీసెయ్యాలో చాలా డిస్కుల అంచు మీద గానీ మధ్య గిన్నె మీద గానీ పోతపోసే ఉంటుంది. తుప్పు కింద దాగి ఉంటే వైర్ బ్రష్‌తో రుద్దితే కనబడుతుంది. దాన్ని వెర్నియర్‌తో కొలిచి పోల్చుకోవడమే.

కొలిచేటప్పుడు ఒక చిక్కుంది. ప్యాడ్ తగలని బయటి అంచున డిస్కు అరగదు, అక్కడ తుప్పు పట్టిన గట్టు మిగులుతుంది. వెర్నియర్ దవడలు ఆ గట్టునే పట్టుకుని ఎక్కువ మందం చూపిస్తాయి. అందుకని డిస్కుకి రెండు వైపులా ప్యాడ్ తిరిగే చోట ఒక్కో రూపాయి బిళ్ళ ఆనించి, బిళ్ళలతో సహా కొలవండి. తర్వాత ఆ రెండు బిళ్ళల మందం తీసెయ్యండి. నాలుగైదు చోట్ల కొలిచి అన్నిటికంటే తక్కువ వచ్చిందే లెక్కలోకి తీసుకోండి. మందం సరిపడా ఉండి, పగుళ్ళు లేకపోతే, బ్రేకు వేసినప్పుడు పెడల్ అదరకపోతే ఆ డిస్కులే ఉంచుకోవచ్చు. వేలి గోరుకు తగిలీ తగలనట్టుండే సన్న గీతలు ప్రతి డిస్కు మీదా ఉంటాయి, వాటికి భయపడక్కర్లేదు.

సిల్క్‌బోర్డ్ బాటసారి | శుక్రవారం మధ్యాహ్నం 1:10

ప్యాడ్‌లు జె.సి. రోడ్డులో తీసుకో అన్నా. టౌన్‌హాల్ నుంచి మినర్వా సర్కిల్ దాకా అన్నీ స్పేర్ల షాపులే. కారు వేసుకుని వెళ్ళకు, పెట్టడానికి చోటు దొరకదు. మెట్రోలో కె.ఆర్. మార్కెట్ దిగి నడువు. చాలా కౌంటర్ల దగ్గర తెలుగు మాట్లాడేవాళ్ళు ఉంటారు. ఊరికే 'ఐ20' అని చెప్పకు, ఏళ్ళను బట్టి మోడల్ మారింది. ఆర్.సి. ఫోటో తీసుకెళ్ళి చాసిస్ నంబరు చెప్పి, పార్ట్ నంబరు రాయించుకుని తీసుకో. కంపెనీవి కావాలంటే హ్యుందాయ్ వాళ్ళ మోబిస్ అడుగు. బయటివాటిలో రానే, టీవీఎస్ గిర్లింగ్, బాష్ నేను వాడినవాటిలో బాగున్నాయి. మొదటి రెండూ మన పక్కనున్న చెన్నై కంపెనీలవే. పేరూ ఊరూ లేని డబ్బాలో సగం ధరకు ఇస్తామంటే తీసుకోకు, బిల్లు లేకుండా అసలే వద్దు.

పిన్నుల మీద దుమ్ము, నీళ్ళు పడకుండా తొడిగే రబ్బరు బూట్లు, ప్యాడ్‌లు కూర్చునే స్టీలు క్లిప్పుల సెట్టు కూడా అప్పుడే తీసుకో. విప్పాక బూటు చిరిగి ఉందని తెలిస్తే మళ్ళీ పరిగెత్తాలి.

తుంగభద్ర తీరం | శుక్రవారం మధ్యాహ్నం 1:45

రెండు చక్రాలకూ మార్చాలన్నది ఎవరూ రాయలేదు, నేను రాస్తున్నాను. కుడి పక్కవి బాగున్నా సరే, ముందు రెండు చక్రాలకూ ఒకే కంపెనీ ప్యాడ్‌లు, ఒకేసారి. అయితే రెండు పక్కలా ఒకేసారి విప్పకండి. ఒక పక్క పూర్తయ్యాకే రెండోది. క్లిప్పు ఎటు ఉండేదో అనుమానం వస్తే విప్పని పక్కకు వెళ్ళి చూసుకోవచ్చు.

విమానపురం | శుక్రవారం సాయంత్రం 6:50

ఇంకో సంగతి. కొత్త మందపాటి ప్యాడ్‌లు పట్టడానికి పిస్టన్‌ను వెనక్కి నొక్కేటప్పుడు కాలిపర్ దగ్గరి పాత బ్రేక్ ఆయిల్ పైకి వెళ్తుంది. అన్నిటికంటే ఎక్కువ వేడెక్కేది, మురికి పట్టేది అక్కడి ఆయిలే. అది ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) యూనిట్ సన్న దారుల్లోకి వెళ్ళడం నాకు ఇష్టం లేదు. బ్లీడర్ నిపుల్‌కి (కాలిపర్‌లోంచి ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) గొట్టం తొడిగి, నిపుల్ వదులు చేసి, ఆ ఆయిల్‌ను సీసాలోకి వదిలేస్తూ పిస్టన్‌ను నొక్కమని నా సలహా.

పాత పానా | శుక్రవారం రాత్రి 7:30

విమానపురం గారూ, మీరన్నది సబబే. మొదటిసారి చేసేవాడికి మాత్రం ఆ నిపుల్ ముట్టుకోవద్దనే చెబుతాను. 2016 బండి, నిపుల్ ఎప్పుడూ విప్పి ఉండకపోతే తుప్పుతో బిగిసి ఉంటుంది. బలం పెడితే తల విరుగుతుంది, అప్పుడు కాలిపర్ మొత్తం ఊడదీసి పట్టుకెళ్ళాలి. విరక్కుండా వచ్చినా, నొక్కడం ఆపాక మూయడం ఒక్క క్షణం ఆలస్యమైతే గాలి వెనక్కి పీలుస్తుంది. గాలి తియ్యడం రానివాడు ఇరుక్కుంటాడు. ఆయిల్ సమయానికి మార్చుకున్న బండిలో పిస్టన్‌ను మెల్లమెల్లగా నొక్కితే ఏ ఏబీఎస్సూ పాడవ్వడం నేను చూడలేదు.

బాబూ, ఆయిల్ ఎప్పుడు మార్పించావు?

బాహుదా గట్టు | శుక్రవారం రాత్రి 8:02

సర్వీస్ బిల్లులన్నీ తిరగేసినా. 2022 తర్వాత మార్చినట్టు ఎక్కడా లేదు సార్.

విమానపురం | శుక్రవారం రాత్రి 8:25

అయితే ప్యాడ్‌ల కంటే ముందు ఆ సంగతి చూడాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూత తియ్యకపోయినా రబ్బరు గొట్టాల గుండా కొద్దికొద్దిగా పీలుస్తూనే ఉంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టాక కొలిచే ప్రమాణం 155 డిగ్రీలే. డాట్ 3 అయితే ఆ రెండూ 205, 140. మామూలుగా సిల్క్‌బోర్డ్ ట్రాఫిక్‌లో ఆగి కదులుతూ పోతే ఈ తేడా తెలియదు. ఘాట్‌లో బ్రేకు మీద కాలు తియ్యకుండా దిగితే ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కుకుపోతుంది, ఆయిల్ నొక్కుకుపోదు. పెడల్ నేలను తాకుతుంది, బండి మాత్రం ఆగదు. తిరుమల దిగువ ఘాట్‌లో 40 నిమిషాల కంటే ముందు దిగకూడదన్న నియమం ఊరికే పెట్టలేదు.

రెండేళ్ళకోసారి మార్చాలి. మీరు ప్యాడ్‌లు ఇంట్లో వేసుకోండి. తర్వాత ఘాట్ ఎక్కకముందే మంచి గ్యారేజీలో పాత ఆయిల్ మొత్తం తీయించి కొత్తది పోయించండి. మూత మీద ఏ రకం రాసి ఉంటే అదే. డాట్ 5 అని సిలికాన్ రకం ఒకటుంది, దాన్ని మాత్రం కలపనివ్వకండి.

ఓరుగల్లు | శుక్రవారం రాత్రి 9:00

ఇది మంచి మాట. ఆయిల్ మార్చేటప్పుడు గ్యారేజీ ఆయన చేత నువ్వు చేసిన పని కూడా ఒకసారి చూపించుకో. రెండో కన్ను పడ్డట్టుంటది.

పాత పానా | శనివారం ఉదయం 5:50

రేపు చేస్తావనుకుంటాను, క్రమం రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

బండి చల్లారాక మొదలుపెట్టు. చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, మొదటి గేరులో పెట్టు. వెనక చక్రాలకు రెండు పక్కలా రాళ్ళు పెట్టు. స్టీరింగ్ ఒక పక్కకు తిప్పి ఉంచితే కాలిపర్ వెనక భాగం చేతికి అందుతుంది. చక్రం నట్లు నేల మీద ఉండగానే వదులు చెయ్యి, ఆ తర్వాత ఎత్తు. సైడ్ సిల్ (తలుపుల కింది అంచు) కింద జాకీ కోసం కోసిన గుర్తులుంటాయి, అక్కడే ఆనించు. స్టాండు ఉంటే పెట్టు, లేకపోతే విప్పిన చక్రాన్ని సిల్ కిందికి పడుకోబెట్టి తొయ్యి. జాకీ జారినా బండి చక్రం మీద పడుతుంది. ఇటుకలు నమ్మకు, పగిలిపోతాయి. ఒళ్ళు బండి కిందికి పోనివ్వకు, ఈ పనికి ఆ అవసరమే లేదు.

బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడు. పైగీత దాకా నిండుగా ఉంటే సిరంజితో కొంచెం తీసెయ్. పిస్టన్ వెనక్కి పోయేకొద్దీ మట్టం పెరుగుతుంది, పొంగితే పెయింటు లేచిపోతుంది. పడితే వెంటనే నీళ్ళతో కడిగెయ్. తీసిన సిరంజిని మళ్ళీ దేనికీ వాడకు.

కాలిపర్ బోల్టులు రెండూ విప్పు. విప్పేటప్పుడు పిన్ను కూడా తిరుగుతుంటే సన్న పానాతో పట్టుకో. కాలిపర్ ఊడగానే తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకి కట్టు. రబ్బరు గొట్టం మీద బరువు పడనివ్వకు. గొట్టం పైకి బాగానే కనబడుతుంది, లోపల పొర చిట్లుతుంది. రెండు ప్యాడ్‌లూ తీసి, కూసే రేకు ఏ ప్యాడ్‌కి, ఏ చివర ఉందో ఫోటో తియ్యి.

ఇప్పుడు పిన్నులు. రెండింటినీ బయటికి లాగు. ఒకేలా ఉన్నాయనుకోకు, ఒకదాని కొనకు రబ్బరు బుష్ ఉండొచ్చు. పైదేదో కిందిదేదో గుర్తు పెట్టుకో. పాత గ్రీజు మొత్తం తుడిచి, పిన్ను పోయే రంధ్రం లోపల కూడా గుడ్డ చుట్టిన పుల్లతో శుభ్రం చెయ్యి. పిన్ను మీద తుప్పు గుంటలు పడి ఉంటే కొత్తది వెయ్యాల్సిందే. సిలికాన్ గ్రీజు పల్చగా పూస్తే చాలు. బేరింగులకు వేసే మామూలు గ్రీజు వద్దు, దానికి బూట్ల రబ్బరు ఉబ్బిపోతుంది. ఎక్కువ కూరినా చేటే. రంధ్రంలో గాలి చిక్కుకుని పిన్నును బయటికి తోస్తుంది. పెట్టాక వేలితో లోపలికి, బయటికి జరిపి చూడు. తేలిగ్గా జారాలి, బూటు పెదవి పిన్ను గాడిలో కూర్చోవాలి.

తర్వాత ప్యాడ్ చెవులు కూర్చునే చోట స్టీలు క్లిప్పులు పీకి, వాటి కింద గూడుకట్టిన తుప్పు వైర్ బ్రష్‌తో గీకు. అక్కడ తుప్పు పెరిగితే క్లిప్పు లేచి ప్యాడ్‌ను ఇరికిస్తుంది. కొత్త క్లిప్పులు పెట్టాక ప్యాడ్ వేళ్ళతో తోస్తే కదలాలి, సుత్తి అవసరం పడితే ఏదో తప్పు ఉందని అర్థం. ప్యాడ్ రాపిడి ముఖానికి గానీ డిస్కుకి గానీ గ్రీజు చెయ్యి తగలనివ్వకు.

పిస్టన్ నొక్కేముందు దాని చుట్టూ ఉన్న దుమ్ము బూటు చూడు. చిరిగి ఉన్నా, చెమ్మ కారుతున్నా అక్కడితో ఆపెయ్. సీళ్ళు మార్చే పని ఇంట్లో వద్దు. బాగుంటే పాత ప్యాడ్ అడ్డం పెట్టి సి క్లాంపుతో మెల్లగా నొక్కు. ముందు చక్రాలవి నేరుగా లోపలికి పోతాయి, తిప్పాల్సిన పని లేదు.

బిగించేటప్పుడు కాలిపర్ బోల్టులకు 22 నుంచి 32 న్యూటన్ మీటర్లు, చక్రం నట్లకు 88 నుంచి 107. ఇవి హ్యుందాయ్ లెక్కలు, వేరే బండికి దాని పుస్తకం చూడాలి. చూశావుగా, కాలిపర్ బోల్టుకి ఎంత తక్కువో. బలమంతా పెట్టి తిప్పితే మర పోతుంది. నట్లు ఎదురెదురుగా బిగించు, చివరి బిగింపు చక్రం నేల మీద ఆనాకే.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర రాస్తున్నాను. ఇంజన్ స్టార్ట్ చెయ్యకముందే పెడల్‌ను మెల్లగా తొక్కుతూ వదులుతూ ఉండు. మొదట నేలదాకా పోతుంది, ఎందుకంటే పిస్టన్ ప్యాడ్‌కి దూరంగా ఉంది. గట్టిపడేదాకా తొక్కాకే బండి కదపాలి. ఇది మరిచి గేరు వేసి గోడకు గుద్దినవాళ్ళను ఆటోనగర్‌లో కళ్ళారా చూశాను.

బాహుదా గట్టు | ఆదివారం మధ్యాహ్నం 12:20

ఎడమ పక్క విప్పినాము. మా చిన్నాన్న కొడుకు కూడా ఉన్నాడు. ఫోటోలు పెట్టినా చూడండి. పాత పానా సార్ చెప్పినట్టే ఉంది! బయటి ప్యాడ్ 6 మిల్లీమీటర్లు ఉంది, లోపలిది 2 కూడా లేదు. రేకు కొన డిస్కుకు రాసుకుని మెరుస్తా ఉంది. పై పిన్ను చేత్తో లాగితే వచ్చింది. కిందిది కదల్లేదు. పానాతో అటూ ఇటూ కొంచెం కొంచెం తిప్పుతా లాగితే చివరికి వచ్చింది. దాని మీద గ్రీజు అనేదే లేదు, ఎర్ర మట్టి పూసినట్టుంది. బూటు మడతలో చీలిక ఉంది, దాంట్లోంచి నీళ్ళు పోయినట్టున్నాయి. పిన్ను మీద చిన్న చిన్న గుంటలు కనబడతాండాయి. డిస్కు రూపాయి బిళ్ళలు పెట్టి కొలిచినా. డిస్కు మీద రాసిన కనీసం కంటే 1 మిల్లీమీటరు పైనే ఉంది.

పాత పానా | ఆదివారం మధ్యాహ్నం 12:34

ఫోటోలు చూశాను. డిస్కు ఉంచుకో. మూడో ఫోటోలో పిన్ను మధ్యలో గుంటలు స్పష్టంగా కనబడుతున్నాయి, రుద్దినా నునుపు కాదు. కొత్త పిన్ను వెయ్యాలి. బూటు నీ దగ్గరుంది కదా. పిన్ను దొరికేదాకా మూయకు, బండి తియ్యకు.

సిల్క్‌బోర్డ్ బాటసారి | ఆదివారం మధ్యాహ్నం 12:41

ఆదివారం షాపు తెరిచి ఉంటుందో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కో అన్నా. లేకపోతే రేపు ఆఫీసుకి మెట్రోలోనో బస్సులోనో వెళ్ళు. నష్టమేం లేదు.

తుంగభద్ర తీరం | ఆదివారం మధ్యాహ్నం 1:05

రాత్రికి అలాగే వదలాల్సి వస్తే కాలిపర్, డిస్కు మీద ప్లాస్టిక్ సంచి కప్పి, చక్రం తాత్కాలికంగా తగిలించి బండిని జాకీ మీద నుంచి దింపెయ్యండి. బేస్‌మెంట్‌లో పిల్లలు తిరుగుతుంటారు. స్టీరింగ్ దగ్గర 'బ్రేకు లేదు, కదపకండి' అని కాగితం అంటించండి, ఇంట్లోవాళ్ళ దగ్గర ఇంకో తాళంచెవి ఉంటుంది కదా.

బాహుదా గట్టు | మంగళవారం రాత్రి 10:15

పిన్ను సోమవారం జె.సి. రోడ్డులో దొరికింది. రెండు పక్కలా పని అయిపోయింది. కుడి పక్క పిన్నులు బాగానే జారతా ఉండాయి, అయినా తీసి తుడిచి గ్రీజు పెట్టినా. పెడల్ మొదట నేలదాకా పోయింది, తొక్కేకొద్దీ గట్టిపడింది. ఆయిల్ మట్టం చూసినా, రెండు గీతల మధ్యనే ఉంది. పార్కింగ్‌లోనే నడక వేగంతో ముందుకు వెనక్కి తీసి ఆపి చూసినా, బాగానే ఆగుతా ఉంది.

ఒక అనుమానం. బ్రేకు పట్టు ముందుకన్నా కొంచెం తక్కువ అనిపిస్తాంది. డిస్కు దగ్గర సన్నగా రుద్దుకున్నట్టు శబ్దం కూడా వస్తా ఉంది.

సిల్క్‌బోర్డ్ బాటసారి | మంగళవారం రాత్రి 10:30

కొత్త ప్యాడ్ ముఖం చదునుగా ఉంటుంది, పాత డిస్కు మీద గీతలుంటాయి. రెండూ పూర్తిగా కలిసేదాకా అలాగే ఉంటుంది. తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళు. వెనక ఎవరూ లేరని చూసుకుని 50 నుంచి 15 దాకా, మరీ గట్టిగా కాకుండా, తగ్గించు. పూర్తిగా ఆపకు. మళ్ళీ వేగం అందుకుని కాస్త దూరం పోనిచ్చి డిస్కు చల్లారాక మళ్ళీ తగ్గించు. అలా ఎనిమిది, పది సార్లు. అయిపోయాక బ్రేకు తొక్కిపట్టి నిలబడకుండా మెల్లగా ఇంటికి రా. వేడి డిస్కు మీద ప్యాడ్ ఒకే చోట అదిమి ఉంటే అక్కడ మచ్చ పడి తర్వాత పెడల్ అదురుతుంది. ప్యాడ్ డబ్బాలో కాగితం ఉండి వేరేలా చెబితే దాని ప్రకారమే చెయ్యి. మొదటి 200, 300 కిలోమీటర్లు ముందు బండికి ఎడం ఎక్కువ ఉంచుకో.

విమానపురం | మంగళవారం రాత్రి 10:48

వచ్చాక రెండు ముందు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి వేడి చూడండి. ముట్టుకోకండి, దగ్గరగా ఉంచితే చాలు. రెండు వైపులా ఒకేలా ఉండాలి. ఎడమది బాగా ఎక్కువగా ఉంటే పిస్టన్ వెనక్కి రావడం లేదని అర్థం, అప్పుడు కాలిపర్ గ్యారేజీలో చూపించాలి.

బాహుదా గట్టు | శనివారం సాయంత్రం 5:25

వేడి రెండు పక్కలా ఒకేలా ఉంది. స్టీరింగ్ లాగడం పూర్తిగా పోయింది, చేతులు వదులుగా పట్టుకుని బ్రేకు వేసినా నేరుగా ఆగుతాంది. రుద్దుకునే శబ్దం కూడా తగ్గిపోయింది. ఈరోజు గ్యారేజీలో ఆయిల్ మార్పించినా. పాతది టీ డికాక్షన్ రంగులో వచ్చింది. ఓరుగల్లు అన్న చెప్పినట్టు ఆయన చేత రెండు చక్రాలూ విప్పించి చూపించినా. టార్క్ మళ్ళీ చూసి, అంతా సరిగ్గానే ఉందన్నాడు. అందరికీ ధన్యవాదాలు. పాత పానా సార్, మీరు పిన్నుల మాట చెప్పకపోయింటే ప్యాడ్‌లు మార్చి మూసేసిండేవాణ్ణి.

ఓరుగల్లు | శనివారం సాయంత్రం 6:02

మంచిగ చేసినవ్ తమ్మీ. పిన్ను దొరికేదాకా ఆగినవ్ చూడు, గది నాకు నచ్చింది. ఘాట్‌ల మాత్రం రెండో గేరు, మూడో గేరుల దిగు. ఇంజన్ పట్టుకుంటది, బ్రేకు అవసరమైనప్పుడే తొక్కు.

పినాకిని | కె.ఆర్. పురం | ఆదివారం ఉదయం 9:10

చర్చ మొత్తం చదివానండీ, చాలా ఉపయోగపడింది. మాది గ్రాండ్ ఐ10. వెనక డ్రమ్ము బ్రేకుల్లో లైనర్లు (ప్యాడ్‌ల లాగా అరిగేవి) కూడా ఇలాగే ఇంట్లో మార్చుకోవచ్చా? హ్యాండ్ బ్రేకు ఈమధ్య చాలా పైకి లాగాల్సి వస్తోంది.

పాత పానా | ఆదివారం ఉదయం 9:40

డ్రమ్ము పని వేరమ్మా. లోపల స్ప్రింగులు చాలా ఉంటాయి, బిగువుగా ఉంటాయి, పీకేటప్పుడు కంటికి తగిలే ప్రమాదం ఉంది. కళ్ళజోడు లేకుండా డ్రమ్ము తియ్యకూడదు. హ్యాండ్ బ్రేకు పైకి రావడానికి లైనర్ అరగడమే కారణం కానక్కర్లేదు. లోపలి అడ్జస్టర్ బిగుసుకుపోయినా, కేబుల్ సాగినా అలాగే అవుతుంది. ముందు కారణం తేల్చుకుని తర్వాత సామాను కొనాలి. దీనికి విడిగా కొత్త చర్చ మొదలుపెట్టు. కారు ఏ సంవత్సరంది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, లీవరు ఎన్ని క్లిక్కులు పైకి వస్తోంది, వాలులో నిలబెడితే ఆగుతోందా లేదా, ఇవి రాయి. సాయంత్రం చూస్తాను.